ఎడమకి ఒరిగిన బండి

మా బావ బాపయ్య ఏ పని మొదలుపెట్టినా ముందు నలుగురిని అడుగుతాడు. నలుగురూ ఒకే మాట చెప్తే అనుమానపడతాడు. నాలుగు మాటలు చెప్తే తికమకపడతాడు. అడిగి బాగుపడిన సందర్భం నాకైతే ఒక్కటీ గుర్తులేదు. అయినా అడుగుతాడు, అడిగే ప్రతిచోటికీ నన్ను వెంటేసుకుని పోతాడు. నేను ఆయన బావమరిదిని, పేరు నాగేంద్రబాబు. పర్చూరు దగ్గర మా ఊళ్ళో వాళ్ళ వెనక వీధిలోనే ఉంటాను. నాకూ మిరప తోట ఉంది, నాకూ పనులుంటాయి. ఆ సంగతి ఆయనకు ఎందుకో తట్టదు.

చెడ్డవాడు కాదు. నల్లరేగడిలో సొంత పొలం కొంత, కౌలు కొంత, ఒక ఏడు మిరప, ఒక ఏడు పత్తి. తెల్లారకముందే పొలంలో ఉంటాడు. తనకోసం చొక్కా గుడ్డ కొనుక్కోవడానికి కూడా ఆరు నెలలు ఆలోచిస్తాడు. ఊళ్ళో ఎవరింట చావు జరిగినా పాడె పట్టడానికి ముందుండేది ఆయనే. ఇంటి వ్యవహారం మాత్రం ఎప్పుడూ మా అక్క సుబ్బరావమ్మదే. కూలీలను మాట్లాడుకు రావడం, పొదుపు సంఘం పనిమీద పర్చూరు బ్యాంకుకు పోవడం, బంధువుల ఇళ్ళలో మంచీ చెడూ చూడటం, అన్నీ ఆమే. బావ పొలం, అక్క లోకం. అలా ముప్పై ఏళ్ళు నడిచింది.

తర్వాత అక్క మోకాళ్ళు అరిగిపోయాయి. బస్సు మెట్టు అందదు, ఆటో కుదుపు పడదు. లోకమంతా తిరిగిన మనిషి వసారాలో కుర్చీకి అతుక్కుపోయింది. ఆమె అలా కూర్చుంటే చూడటం నాకు చేతకాక ఆ వీధిన పోవడమే తగ్గించాను. బావకు మాత్రం తప్పించుకునే దారి లేదు. మిరపకు మంచి ధర పలికిన ఏడు చీరాలలో ఒక కాంట్రాక్టరు వాడిన బండి కొన్నాడు. తెల్లది, ఏడుగురు పట్టే పెద్ద బండి.

"మీ అక్క కోసమేరా," అని ఊరంతా చెప్పాడు.

"అక్క కోసమైతే ఇంత ఎత్తుది ఎందుకు బావా? చిన్న కారు చాలదా?" అన్నాను.

"దీనికి వెనక సీట్లు మడుచుకుంటాయిరా," అన్నాడు. మోకాళ్ళ నొప్పికీ, మడుచుకునే సీట్లకూ సంబంధమేమిటో నాకు అంతుపట్టలేదు.

పెదకాకాని గుడికి తీసుకుపోయి పూజ చేయించారు. నిమ్మకాయలు తొక్కించారు, ముందు అద్దం మీద పసుపు, కుంకుమ. అంతా బాగానే ఉంది గానీ బండి ఎక్కాలంటే అక్కకు పీట కావాలి. ఎక్కడ ఆగినా బావ గబగబా దిగి పీట తీసి కింద పెడతాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఏదో జరుగుతోందని తిరిగి చూస్తారు. "పెళ్ళిపీటల మీద కూడా నన్నింతమంది చూళ్ళేదురా," అనేది అక్క. నవ్వుతూనే అనేది కానీ ఆ పీటంటే ఆమెకు చచ్చేంత సిగ్గు. అయినా సరే, మళ్ళీ బయటికి పోతోంది. ఆ పీట మీద నుంచే మళ్ళీ లోకంలోకి ఎక్కింది.

ఈ ఏడు కోతలు ముగిసే వేళకు అసలు గొడవ మొదలైంది. చిలకలూరిపేట దారిలో ఒక కోల్డు స్టోరేజీ ఉంది. టిక్కీలను, అంటే మిరపకాయలు తొక్కి నింపిన గోతాలను, అక్కడికి చేర్చడానికి ట్రాలీ ఆటోవాడు కిరాయి పెంచాడు. బావ బండి వెనక సీట్లు మడిచాడు.

ఇక్కడ మా బావ గురించి ఒక సంగతి చెప్పాలి. నిజానికి మా వైపు రైతులందరి సంగతీ ఇంతే. బరువంటే మాకు ధాన్యం బస్తా, యూరియా బస్తా, సిమెంటు. మిరపకాయ బరువు కాదు. ఎండుకాయ అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. అవే కాయల్ని కాళ్ళతో తొక్కి గోతంలో కూరితే నలభై కిలోలు దాటుతుందని బావకు తెలియక కాదు, గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర అర కిలో తగ్గినా ఊరుకోడు. కానీ బండి దగ్గరికి వచ్చేసరికి అవి మళ్ళీ కాయలైపోతాయి. పైకప్పు తగిలేదాకా పేర్చాడు. దారిలో ఎక్కడో వెనక చక్రం దగ్గర ధన్‌మని మోగింది. రాయి తగిలిందనుకున్నాడు.

ఇంటికొచ్చి చూస్తే బండి వెనకవైపు ఎడమకి ఒరిగి ఉంది. నేల పల్లంగా ఉందనుకుని ముందుకు జరిపాడు. ఒరిగే ఉంది. వీధిలో పెట్టాడు, పంచాయతీ ఆఫీసు ముందు సిమెంటు రోడ్డు మీద పెట్టాడు. చివరికి నన్ను పిలిచి, "ఒరేయ్, మన ఊరే ఒక పక్కకి దిగుతోందంటావా?" అన్నాడు. సరదాకి కాదు, నిజంగానే అడిగాడు.

మర్నాడు అక్క సంఘం పనికి బయల్దేరింది. బావ పీట తెచ్చేలోపే ఎడమవైపు తలుపు తీసి, కాలు పైకెత్తి, హాయిగా ఎక్కి కూర్చుంది.

"అబ్బ! ఎంత బాగా చేయించావయ్యా," అంది. ఆమె మొహం అంత వెలిగిపోవడం చూసి చాలా కాలమైంది.

బావ చేతిలో పీట పట్టుకుని నిలబడ్డాడు. "చేయించలేదే. పాడైందే," అన్నాడు.

"పాడైతే ఇంత బాగుంటుందా?"

బావ పీటను తీసుకుపోయి వసారాలో పెట్టి వచ్చాడు.

అక్కకు ఆ బండితో అసలు పని వేరే ఉంది. వీళ్ళ పక్కింట్లో సిద్దికా అని ఉండేది. భర్తకు చేపల వ్యాపారం కలిసొచ్చి కాపురం కొత్తపట్నం మారింది. సిద్దికా కూతురు నజ్మీన్ పుట్టినప్పుడు తల్లి నెలల తరబడి ఆసుపత్రి పాలైతే, పిల్లకు పాలు పట్టి, తర్వాత గోరుముద్దలు పెట్టి, ఒళ్ళో పడుకోబెట్టుకుని పెంచింది మా అక్కే. ఆ నజ్మీన్‌కు నిఖా కుదిరింది. సిద్దికా రోజూ ఫోను చేస్తోంది. "అక్కా, నువ్వు రాకపోతే నీ కూతురు పెళ్ళి కుర్చీలో కూర్చోనంటోంది. ఆపైన నీ ఇష్టం," అంటోంది. అక్క కంచిపట్టు చీర తీసి ఎండలో ఆరేసింది. కొత్తపట్నం అంటే మాకు దూరాభారం. ఈ బండి తప్ప ఆమెను తీసుకుపోయేది మరొకటి లేదు.

పర్చూరులో అస్లాం షెడ్డుకు పోయాం. అస్లాంకు కోపం ఎక్కువ, మాట కరుకు. బండి వెనక తలుపు తీశాడో లేదో వరసపెట్టి తుమ్మాడు.

"ఏం ఎక్కించావు బాబాయ్ దీంట్లో?"

"ఏం లేదురా. కాయలే."

"ఎన్ని టిక్కీలు?"

"బరువేం పెట్టలేదంటున్నాగా. కాయలు."

అస్లాం నా వైపు చూశాడు. నేను షెడ్డు రేకుల వైపు చూశాను. అతను కిందికి దూరి, తుప్పు పట్టిన ఇనుప చుట్టు ముక్క ఒకటి తెచ్చి బావ చేతిలో పెట్టాడు. "స్ప్రింగు విరిగింది. రెండువైపులా మార్చాలి. కంపెనీవి తెప్పిస్తా. పనితో కలిపి ఏడున్నర వేలు అవుద్ది."

"రెండోది బాగానే ఉందిగా?"

"ఉంది. కానీ అదీ అలిసిపోయింది. ఒకపక్క కొత్తది, ఒకపక్క పాతది వేస్తే బండి తిన్నగా పోదు."

"ఒక చెప్పు తెగితే రెండూ కొంటామా ఏంది?"

"మరి ఒకటే కొంటావా బాబాయ్?"

బావ బండెక్కాడు. దారంతా ఆలోచించాడు. ఊరి పొలిమేరకు వచ్చాక, "అవునురా, రెండూ కొంటాం," అన్నాడు. ఇంటి ముందు దిగాక, "కానీ చెప్పుల సంగతి వేరు," అన్నాడు.

తర్వాత మిరప ధర కనుక్కుందామని గుంటూరు పోయినప్పుడు కంపెనీ సర్వీసు సెంటర్లో కూడా అడిగాం. చల్లటి గదిలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. ఒక అమ్మాయి కంప్యూటరులో చూసి కాగితం తీసిచ్చింది. స్ప్రింగులు, షాకబ్జార్లు, రబ్బరు బుష్షులు, చక్రాల అలైన్‌మెంటు, కూలి, దానిమీద పన్ను. మొత్తం ఇరవై ఆరు వేలు.

"విరిగింది స్ప్రింగే కదమ్మా? మిగతావి ఎందుకు?"

"అవి కూడా అరిగి ఉంటాయండి. ఎలాగూ విప్పుతాం కాబట్టి ఒకేసారి మార్చుకుంటే మంచిదండి."

ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. తప్పు చెప్పిందని నేననను. బావ మాత్రం బయటికొచ్చి కాగితాన్ని మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. "ఒరేయ్, ఒకటే స్ప్రింగు. పర్చూర్లో ఏడున్నర, గుంటూర్లో ఇరవయ్యారు. మధ్యలో ఉన్నది చిలకలూరిపేట. అక్కడ అడిగితే పదిహేడు చెప్పాలిగా లెక్క ప్రకారం?"

చిలకలూరిపేటలో ఆగి అంకమ్మరావు షెడ్డులో అడిగాం. లారీలు బాగుచేసే పెద్ద షెడ్డు అది. ఆయన మూడున్నర వేలన్నాడు. ఇంకో పెద్ద బండిలోంచి తీసిన గట్టి స్ప్రింగులు ఉన్నాయట. బావ తల పట్టుకున్నాడు. ఆ రాత్రి ఆయన అన్నం సరిగ్గా తినలేదని అక్క చెప్పింది. దిగులుతో కాదు, లెక్క కుదరక.

ఇక్కడ మా బావ ఒక తీర్మానానికొచ్చాడు. మిరపకాయలు అమ్ముకుని బతికేవాడు తప్ప మరొకడు రాలేని తీర్మానం అది. "ధరల్లో ఇంత తేడా ఉందంటే బజారు ఇంకా కుదురుకోలేదురా. తొందరపడగూడదు. కొన్నాళ్ళు ఆపితే ఒకదారికొచ్చుద్ది," అన్నాడు. కాయల్ని స్టోరేజీలో పెట్టి ధర కోసం ఎదురుచూసినట్టు, విరిగిన బండిని ఇంటి పక్క చావిట్లో పెట్టి స్ప్రింగుల ధర దిగడం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు. పర్చూరు పోయినప్పుడల్లా అస్లాం షెడ్డు ముందు ఆగి, "ఇవాళెంత?" అని అడిగేవాడు. అస్లాం ఒకసారి జవాబు చెప్పాడు, ఒకసారి తిట్టాడు, తర్వాత బావను చూడగానే బండి కిందికి దూరిపోయేవాడు.

పెళ్ళి దగ్గరపడింది. అక్కకు ఓపిక అయిపోయింది.

"అసలు బాగుచేయడం ఎందుకయ్యా? ఇట్లాగే నాకు బాగుంది. పీట లేకుండా ఎక్కుతున్నా. ఇట్లాగే తీసుకుపో నన్ను."

"టైరు రాసుకుని దారిలో పేలుద్దంట. అస్లాం చెప్పాడు."

"అయితే అస్లాం చెప్పినట్టు చేయించు."

"గుంటూరోళ్ళు ఇంకోటి చెప్పారుగా."

"వాళ్ళు చెప్పినట్టు చేయించు!"

"పేటలో మూడున్నరకే వస్తుంటే..."

అక్క నా వైపు తిరిగింది. "ఒరేయ్ నాగేంద్రా, మీ బావను నా కళ్ళముందు నుంచి తీసుకుపోరా," అంది. తీసుకుపోయాను, చిలకలూరిపేటకే. బావ మనసు అప్పటికే అటు మొగ్గింది.

అంకమ్మరావు పని మొదలుపెట్టేముందు ఒక్క మాట అడిగాడు. "బండి మనుషులకా, లోడుకా?"

చాలా మామూలు ప్రశ్న. బావ నా వైపు చూశాడు, బండి వైపు చూశాడు, మడిచి ఉన్న సీట్ల వైపు చూశాడు. ఏదో దొంగతనం దొరికిపోయినట్టు మొహం పెట్టాడు. "రెండిటికీ," అన్నాడు.

"అయితే గట్టివే కరెక్టు. ఎన్ని టిక్కీలేసినా కదలదు. పైన రబ్బరు కూడా పెడతా."

బిగించాక బండి ఎడమకీ లేదు, కుడికీ లేదు. తిన్నగా నిలబడింది. అంతకుముందుకన్నా జానెడు ఎత్తుగా కూడా నిలబడింది. బావకు ఛాతీ పొంగిపోయింది. "చూశావా? ఇరవయ్యారు వేల పని మూడున్నరలో!" అని దారిపొడవునా పాడిందే పాడాడు. నిజం చెప్పాలంటే నేను కూడా మెచ్చుకున్నాను. మా ఇద్దరిలో ఒక్కడికీ అక్క కాలు గుర్తుకు రాలేదు.

పెళ్ళి రోజు పొద్దున్నే అక్క కంచిపట్టు చీర కట్టుకుని, నజ్మీన్‌కు చేయించిన వెండి పట్టీలు సంచిలో పెట్టుకుని బయటికొచ్చింది. బండిని చూసి ఆగిపోయింది. బావ పీట పెట్టాడు. అక్క పీట ఎక్కి, తలుపు పట్టుకుని, కాలెత్తింది. అందలేదు. పక్కనుంచి నేను పట్టుకున్నాను. మళ్ళీ ఎత్తింది. మోకాలు సగంలో ఆగిపోయింది, నొప్పికి ఆమె కళ్ళు మూసుకుంది. పీట మీద ఇటుకలు పెడతానన్నాడు బావ. "పడి చస్తాను," అంది. ఇద్దరం ఎత్తుతామన్నాం. "పట్టుచీర కట్టుకుని బస్తాలాగా ఎత్తించుకోవాలా?" అంది. చిన్న కారు కోసం నేను పర్చూరంతా ఫోన్లు చేశాను. ముహూర్తాల రోజు, ఒక్కటీ ఖాళీ లేదు.

అక్క పీట దిగి, వసారాలోకి పోయి తన కుర్చీలో కూర్చుంది. ఫోను తీసింది.

"సిద్దికా, నేను రాలేనే. ఏం లేదమ్మా, ఒంట్లో బాగానే ఉంది. బండి బాగైంది. అందుకే రాలేను."

అవతల సిద్దికాకు ఏం అర్థమైందో తెలియదు. బావకు మాత్రం అర్థమైంది. ఆయన మొహం అలా పాలిపోవడం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు, పురుగు పట్టి తోట మొత్తం పోయిన ఏడు కూడా. అక్క ఏడవలేదు. సంచిని ఒళ్ళో పెట్టుకుని వీధివైపు చూస్తూ కూర్చుంది. బండి రాకముందు రెండేళ్ళపాటు చూసిన చూపే అది. ఆ చూపు చూసి నేను నిలబడలేకపోయాను, నాకు ఏడుపొచ్చింది. బావ మీద పట్టలేని కోపం కూడా వచ్చింది. తిట్టడానికి తిరిగి చూస్తే ఆయన అక్కడ లేడు.

చావిట్లోంచి వస్తున్నాడు. వీపు మీద టిక్కీ. చివరి కోతలో మిగిలిన తాలు కాయలు, ధర లేక పక్కన పడేసినవి. పెళ్ళికని వేసుకున్న తెల్లచొక్కా మీద ఎర్రటి దుమ్ము. టిక్కీని బండి వెనకాల పడేసి, మళ్ళీ చావిట్లోకి పోయాడు.

"బావా, ఏం చేస్తున్నావ్?"

"దిగుద్దిరా. బరువు పడితే దిగుద్ది. పట్టు!"

నేనూ పట్టాను. ఒక్కో టిక్కీ పడుతుంటే బండి వెనకవైపు కొంచెం కొంచెం కుంగుతోంది. స్ప్రింగులు గట్టివి కదా, అంత తేలిగ్గా లొంగవు. ఇద్దరం తుమ్ముతూ, దగ్గుతూ, కళ్ళు మండిపోతూ మోశాం. ఈ వయసులో ఆయన వీపు మీద నలభై కిలోలు. ప్రతి టిక్కీకీ ఒకసారి వంగి, తలుపు కింద మెట్టు ఎంత దిగిందో జానతో కొలిచేవాడు. వీధిలో జనం చేరారు. ఎవరో, "బాపయ్యా, ఇవాళ యార్డు సెలవు కదయ్యా," అన్నారు. ఆయన వినిపించుకోలేదు.

అక్క చాలాసేపు కదలకుండా చూసింది. తర్వాత లేచి మెల్లగా నడుచుకుంటూ వచ్చింది.

"ఇక చాల్లేవయ్యా. నడుం పట్టుద్ది నీకు," అంది.

పీట పెట్టాం. కాలెత్తింది. మెట్టు మీద ఆనింది. బావ భుజం పట్టుకుని లోపలికి ఎక్కి కూర్చుంది. కొత్తపట్నం చేరేసరికి మేం ముగ్గురం తుమ్మి తుమ్మి గొంతులు పోగొట్టుకున్నాం. నజ్మీన్ పెళ్ళి కుర్చీలోంచి లేచి వచ్చి అక్కను వాటేసుకుని, ముందు ఏడ్చింది, తర్వాత తుమ్మింది. సిద్దికా ఇంటివాళ్ళు ఆ టిక్కీల్ని చూసి మేం పెళ్ళికి మిరపకాయలు కానుకగా తెచ్చామనుకున్నారు. కాదనే ధైర్యం మాకు లేకపోయింది. తిరుగు ప్రయాణం కోసం రెండు మాత్రం అడిగి వెనక్కి తీసుకున్నాం, మిగతా బరువుకు సిద్దికా భర్త ఇసక బస్తాలు వేయించాడు.

మర్నాడు బావ పర్చూరు బయల్దేరుతూ ఈసారి నన్నొక్కణ్ణే కాదు, అక్కను కూడా రమ్మన్నాడు. ఇసక బస్తాలు ఇంకా బండిలోనే ఉన్నాయి. అస్లాం షెడ్డు ముందు ఆపి, ఆమెను దింపి, కుర్చీ వేయించాడు.

"అస్లామూ, ఇవి తీసేసి నువ్వు చెప్పినవే రెండువైపులా వెయ్యి. వేశాక మీ పిన్ని ఎక్కి చూస్తుంది. ఆమెకి అందకపోతే కింద ఇంకో మెట్టు కూడా బిగించు."

ఎంతని అడగలేదు. మా బావ జీవితంలో ధర అడగకుండా చేయించిన మొదటి పని అదేననుకుంటాను. అస్లాంకు కూడా అది వింతగానే తోచింది. ముక్కు మీద గుడ్డ కట్టుకుంటూ, "మొదట్లోనే నేను చెప్పినట్టు వేయించుంటే ఆ మూడున్నర వేలు మిగిలేవిగా బాబాయ్? అప్పుడు ఎందుకంత తిప్పావు?" అన్నాడు.

బావ అక్క వైపు చూసి, తలొంచుకున్నాడు.

"అప్పుడు ఈ బండి ఎవరిదో నాకే సరిగ్గా తెలీదురా," అన్నాడు.